ప్రైమరీ స్కూల్లో ఎనిమిది వారాల ఆర్టిస్ట్ రెసిడెన్సీ: గోడ బొమ్మ వెయ్యాలా, పిల్లలతో పని చెయ్యాలా?

చెక్కఅచ్చు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. నేను ప్రింట్‌మేకర్‌ని, ఎక్కువగా చెక్క మీద చెక్కి అచ్చులు తీస్తుంటా, పదకొండేళ్ళుగా ఇదే పని. పెద్దవాళ్ళకి వర్క్‌షాపులు చెప్పాను గానీ చిన్నపిల్లలతో ఎప్పుడూ చెయ్యలేదు. ఒక ప్రైమరీ స్కూల్ వాళ్ళు ఎనిమిది వారాల రెసిడెన్సీకి (అంటే ఆర్టిస్టు కొన్నాళ్ళు స్కూల్లోనే ఉండి పనిచెయ్యడం) పిలిచారు, వారానికి రెండు రోజులు. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా పది సెక్షన్లు, మొత్తం 300 మంది పిల్లలు. వాడకుండా ఉన్న రూమ్ ఒకటి ఇస్తామన్నారు, రెండు పెద్ద కిటికీలు, ఒక కుళాయి. చూడగానే నచ్చేసింది, ఒప్పుకున్నాను.

మొదటి మీటింగ్‌లో హెడ్మాస్టర్ గారు చాలా ఆప్యాయంగా మాట్లాడారు, అందులో లోటేం లేదు. కానీ ఇంటికొచ్చి ఆయన అడిగినవన్నీ రాసుకుంటే గుండె కొంచెం జారింది. గేటు దగ్గర గోడ మీద పెద్ద బొమ్మ కావాలి, దానిమీద 300 మంది చెయ్యీ పడాలి, ప్రతి క్లాసుకీ సమానంగా టైం ఇవ్వాలి, ఆఖర్లో ఎగ్జిబిషన్ పెట్టాలి, పేరెంట్స్ వస్తారు కాబట్టి అన్నీ నీట్‌గా ఉండాలి. నా సొంత పని సంగతేంటి సార్ అంటే "ఖాళీ దొరికినప్పుడు చేసుకోండి మేడం" అన్నారు.

రెసిడెన్సీ అంటే నేననుకున్నది వేరు. నేను అక్కడ కూర్చుని నా చెక్క చెక్కుకుంటుంటే పిల్లలు వచ్చి చూస్తారు, అడుగుతారు, వాళ్ళూ ఏదో మొదలుపెడతారు అని. ఇప్పుడు చూస్తే ఎనిమిది వారాల డ్రాయింగ్ మాస్టారు ఉద్యోగం ప్లస్ పెయింటింగ్ కాంట్రాక్టులా ఉంది. ఆయన్ని తప్పుపట్టట్లేదు, స్కూల్ డబ్బు పెడుతోంది, చూపించడానికి ఏదో కావాలి కదా. కానీ ఎలా మాట్లాడాలో తెలీట్లేదు. అసలు టైం ఎలా పంచాలి, ఆరేళ్ళ పిల్లల చేతికి చెక్కే ఉలులు ఎలాగూ ఇవ్వలేను కాబట్టి వాళ్ళతో ఏం చేయించాలి, అగ్రిమెంట్‌లో ఏమేం రాయించుకోవాలి? ఇదివరకు చేసినవాళ్ళుంటే చెప్పండి ప్లీజ్.

---

రంగునీళ్ళు:

నేను ఇలాంటివి నాలుగు చేశాను, మొదటిది పూర్తిగా దెబ్బతింది, అందుకే కొంచెం ఎక్కువ రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు లెక్క వేసుకోండి. 16 రోజులు. రోజుకి నాలుగు పీరియడ్లకి మించి ఒప్పుకోకండి, ఐదో పీరియడ్‌కి మీ గొంతూ ఉండదు ఓపికా ఉండదు, ఆ టైంలో వచ్చిన పిల్లలకి అన్యాయం జరుగుతుంది. అంటే 64 పీరియడ్లు. పది సెక్షన్లకి సమానంగా పంచితే తలా ఆరు చిల్లర. వినడానికి బాగానే ఉంటుంది. కానీ 40 నిమిషాల పీరియడ్‌లో పిల్లలు వచ్చి కూర్చునేసరికి ఐదు, సామాన్లు పంచడానికి ఐదు, కడిగి సర్దడానికి పది పోతే నిజంగా పని జరిగేది 20 నిమిషాలు. ఆ 20 నిమిషాల్లో పిల్లవాడు ఇప్పుడిప్పుడే లోపలికి వెళ్తున్నాడు అనగా బెల్ కొడతారు. నా మొదటి రెసిడెన్సీలో అందరికీ సమానంగా ఇచ్చాను, చివరికి ఒక్క పిల్లవాడి పేరు కూడా నాకు గుర్తులేదు, వాళ్ళకి నేను గుర్తున్నానో లేదో కూడా అనుమానమే. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

కాబట్టి కోర్ గ్రూప్ పెట్టుకోండి. అమెరికాలో నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది ఆర్ట్స్ వాళ్ళు 1969లోనే ఆర్టిస్టుల్ని స్కూళ్ళకి పంపడం మొదలుపెట్టారు, అప్పట్నుంచీ ఇలాంటి ప్రోగ్రాములు చాలా వచ్చాయి, వాటి గైడ్‌లైన్స్‌లో ఈ కోర్ గ్రూప్ మాట తరచుగా కనిపిస్తుంది. అంటే ఒకటో రెండో సెక్షన్లు మిమ్మల్ని పదే పదే కలుస్తాయి, మిగతావాళ్ళు తక్కువసార్లు. మీ లెక్కలో చూస్తే రెండు కోర్ సెక్షన్లకి చెరో పది పీరియడ్లు, అవి కూడా విడివిడిగా కాకుండా ఐదు డబుల్ పీరియడ్లుగా తీసుకోండి. మిగతా ఎనిమిది సెక్షన్లకి తలా మూడు, అంటే 24. మొత్తం 44 అయింది, ఇంకా 20 మిగిలాయి చూడండి, ఆ 20 మీవి. మీ సొంత పనికి, తలుపు తీసిపెట్టుకుని.

ఈ 20 పీరియడ్ల దగ్గరే గట్టిగా నిలబడాలి మీరు. "ఖాళీ దొరికినప్పుడు" అనే మాట అగ్రిమెంట్‌లోకి రానివ్వకండి, టైంటేబుల్‌లో గడి గీసి "ఆర్టిస్ట్ పని సమయం" అని రాయించండి. హెడ్మాస్టర్ గారికి ఇది మీ లాభం కోసం అడుగుతున్నట్టు అనిపిస్తుంది మొదట్లో, అది కాదని చెప్పాలి. పిల్లలు పుస్తకాల్లో చూసేదంతా పూర్తయిపోయిన బొమ్మ. సగంలో ఉన్న బొమ్మని, తప్పు పోయిన చెక్కని, దాన్ని పక్కనపెట్టి మళ్ళీ మొదలుపెట్టే పెద్దమనిషిని వాళ్ళు ఎక్కడా చూడరు. అది చూపించగలిగేది మీరొక్కరే ఆ బిల్డింగ్‌లో.

ఉదాహరణలు అడిగితే రెండు చెప్పండి ఆయనకి. ఇటలీలో రెజ్జో ఎమీలియా అనే ఊళ్ళో 1963లో మొదటి మునిసిపల్ ప్రీస్కూల్ పెట్టారు, లోరిస్ మాలగుజ్జి అనే ఆయన దాని వెనకున్న పెద్ద తలకాయ. వాళ్ళ స్కూళ్ళలో అతెలియే అని స్టూడియో ఒకటి, అందులో ఆర్ట్ నేపథ్యం ఉన్న మనిషి ఒకరు శాశ్వతంగా ఉంటారు, రెసిడెన్సీలా వచ్చి పోవడం కాదు. అది ఇంకా చిన్నపిల్లల సంగతి అనుకోండి. ప్రైమరీలో అయితే స్కాట్లాండ్‌లో కోల్ ప్రైమరీ స్కూల్‌లో 1994లో మొదలైన రూమ్ 13 అనే ఆర్ట్ స్టూడియో. అక్కడ స్టూడియో మేనేజ్‌మెంట్ పిల్లల చేతిలోనే ఉండేది, డబ్బు లెక్కలు కూడా వాళ్ళే చూసుకునేవాళ్ళు, ఆర్టిస్టు వాళ్ళ పక్కన పని చేసుకునేవాడు. పదేళ్ళ పిల్లలు! ఇది చదివినప్పట్నుంచీ పిల్లలకి ఏం చేతనవును అనే విషయంలో నా అంచనా మారిపోయింది.

అగ్రిమెంట్ సంగతి. మొత్తం పీరియడ్ల సంఖ్య, డబ్బు వాయిదాల్లో (మొదలవ్వకముందే మొదటి వాయిదా), సామాన్లకి వేరే బడ్జెట్, అది మీ ఫీజులోంచి కొయ్యకూడదు. క్లాస్ టీచర్ క్లాసు మొత్తం రూమ్‌లోనే ఉండాలి, మిమ్మల్ని పిల్లలతో ఒంటరిగా వదిలి వెళ్ళకూడదు, ఇది పిల్లల భద్రత కోసమూ మీ భద్రత కోసమూ. పిల్లల ఫొటోలకి పేరెంట్స్ రాతపూర్వక అనుమతి స్కూలే తీసుకోవాలి. పిల్లలు వేసినవి పిల్లలవి, మీరు చేసింది మీది, కలిపి చేసినదాన్ని ఎవరు ఎక్కడ వాడుకోవచ్చో ఒక లైన్ రాసుకోండి. సెలవులొచ్చి పోయిన రోజుల్ని ఎలా సర్దాలో కూడా రాసుకోండి, అది అందరూ మర్చిపోతారు.

---

నాలుగోబెంచి:

నేను ప్రైమరీ టీచర్‌ని, నాలుగో తరగతికి చెప్తాను. ఆర్టిస్టులు వచ్చినప్పుడు నేను రెండు రకాలుగానూ ఉన్నాను, కాబట్టి మా వైపు నుంచి చెప్తా.

మొదటిసారి ఒకాయన వచ్చినప్పుడు నేను వెనక కూర్చుని నోట్సులు దిద్దుకున్నాను. ఆయన ఏమీ అడగలేదు, నేనూ వెళ్ళలేదు. ఆయన వెళ్ళిపోయిన మర్నాడు ఒక పాప "మేడం, ఆ రంగుల పని మళ్ళీ ఎప్పుడు" అంటే నా దగ్గర జవాబు లేదు, ఆయన ఏం చేయించాడో నేను సరిగ్గా చూడనే లేదు కదా. రెండోసారి వచ్చినావిడ మొదటి రోజే నా చేతికి కూడా కాగితం ఇచ్చి "మీరూ కూర్చోండి మేడం" అంది. నాకు బొమ్మలు రావు అనబోయాను, పిల్లలందరూ నావైపే చూస్తున్నారు, మూసుకుని కూర్చున్నా. ఆ రోజు నా పక్కన కూర్చున్న పిల్లవాడు నా కాగితం చూసి "పర్లేదు మేడం, నాకూ ముందు ఇలాగే వచ్చింది" అన్నాడు. వాడు క్లాసులో నోరు విప్పడమే గగనం అప్పటిదాకా. కాబట్టి చెక్కఅచ్చు గారూ, టీచర్‌ని వెనక కూర్చోనివ్వకండి. పిల్లలకంటే ముందు మాకొక సెషన్ పెట్టండి, స్కూల్ అయ్యాక ఒక గంట చాలు, మీరు వెళ్ళిపోయాక మిగిలేది మేమే.

ఇంకోటి. ప్రతి క్లాసులో "వీడు బాగా వేస్తాడు" అని పేరుపడ్డవాళ్ళు ఇద్దరు ముగ్గురుంటారు. మేమే మొదటి రోజు గర్వంగా పరిచయం చేస్తాం మీకు. దయచేసి ఆ పరిచయాన్ని అక్కడే వదిలెయ్యండి. మిగతా 27 మంది మీ కళ్ళల్లోకే చూస్తుంటారు, మీరు కూడా ఆ లిస్టే పట్టుకున్నారా లేదా అని.

వయసుల గురించి కొంచెం తెలిస్తే మీకు పని సులువవుతుంది. విక్టర్ లోవెన్‌ఫెల్డ్ అనే ఆయన 1947లో పిల్లల బొమ్మల్ని దశలుగా విడగొట్టి రాశాడు, నేను క్లాసులో చూసేదానికి చాలావరకు సరిపోతుంది. ఏడు నుంచి తొమ్మిదేళ్ళ మధ్య పిల్లలు కాగితం అడుగున ఒక గీత గీస్తారు, అది నేల, దానిమీద అన్నీ వరసగా నిలబడతాయి, ఆకాశం పైన నీలం పట్టీ, మధ్యలో అంతా తెల్లగా ఖాళీ. ఇల్లు వేస్తే గోడలోంచి లోపలి మనుషులు కనిపిస్తుంటారు. అవి తప్పులు కావు, "ఆకాశం కిందిదాకా ఉంటుంది నాన్నా" అని దిద్దకండి. తొమ్మిది దాటాక మెల్లిగా నిజంలా రావాలనే పట్టుదల మొదలవుతుంది, అప్పుడే "నాకు రాదు" అనే మాట కూడా వస్తుంది, రబ్బరు అరిగిపోతుంది, కాగితం చిరుగుతుంది. నాలుగు, ఐదు తరగతుల్లో సగం మంది బొమ్మలు మానేసేది ఇక్కడే. నన్నడిగితే మీ కోర్ గ్రూప్ ఈ తరగతుల్లోంచే తీసుకోండి. అచ్చు తీసే పనిలో గీత ఎలాగూ కొంచెం పక్కకి పోతుంది, సిరా కొంచెం అటూఇటూ అంటుతుంది, అందరికీ అలాగే వస్తుంది కాబట్టి "నిజంలా లేదు" అనే భయం ఇందులో తక్కువ. ఇది చాలా పెద్ద విషయం, మీ దగ్గరున్న పని వాళ్ళకి కావాల్సిన పనే.

వాళ్ళ కాగితం మీద మీ పెన్సిల్ పెట్టకండి. చూపించాలంటే పక్కన ఇంకో కాగితం మీద చూపించండి. "ఇదేంటి?" అని కూడా అడక్కండి, కుక్కని వేసిన పిల్లవాడికి ఇది కుక్కలా లేదన్నమాట అని అర్థమవుతుంది. "దీని గురించి చెప్పు" అంటే చాలు, పది నిమిషాలు చెప్తారు, వినడానికి టైం ఉంచుకోండి.

రంగుల దగ్గర ఒక మాట. చెట్టు కాండం ఆకుపచ్చగా, ఆకులు గోధుమ రంగులో వేసిన పిల్లవాణ్ణి అజాగ్రత్త అనుకోకండి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని కలర్ బ్లైండ్‌నెస్ మగపిల్లల్లోనే ఎక్కువ, దానికి కారణమైన జీన్ ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, మగపిల్లలకి ఆ క్రోమోజోమ్ ఒక్కటే కదా. మా క్లాసులో ఒకడికి ఆ సంగతి బయటపడింది ఆర్ట్ పీరియడ్‌లోనే, అంతకుముందు మూడేళ్ళు వాణ్ణి తిట్టారు పాపం.

---

మట్టివాసన:

నేను కుమ్మరి పని చేస్తాను, స్కూళ్ళలో మట్టితో చేయిస్తుంటాను. మీది అచ్చుల పనే అయినా ఒకటో తరగతి పిల్లలకి ఏం ఇవ్వాలో తెలీకపోతే మట్టి పలకలు ఇచ్చి చూడండి. చేతిలో పట్టేంత ముద్ద, అరచేత్తో చదును చేసి దానిమీద ఆకు, తాడు, బొత్తం, ఏదో ఒకటి నొక్కి తీస్తే అదే వాళ్ళ మొదటి అచ్చు. నొక్కితే గుర్తు పడుతుంది అనే సంగతి వేళ్ళకి తెలిశాక మీ అచ్చు చెక్క (బ్లాకు) దగ్గరికి రావడం తేలిక.

ఆవంలో కాల్చే ఉద్దేశం ఉంటే పలక బొటనవేలి మందం దాటకూడదు, బాగా ఆరాలి, వారం పైనే పట్టొచ్చు. లోపల తడి మిగిలితే వేడికి అది ఆవిరై పలకని పగలగొట్టేస్తుంది, పక్కన ఉన్న పిల్లల పలకలు కూడా పోతాయి, ఆ మొహాలు చూడలేం. కాల్చే ఏర్పాటు లేకపోతే కాల్చొద్దు, ఆడుకున్నాక మట్టి మళ్ళీ తడిపి దాచుకోండి. కానీ ఆ సంగతి ముందే చెప్పాలి పిల్లలకి, "ఇవాళ చేసింది ఇంటికి రాదు" అని.

పని అయ్యాక రూమ్ చీపురుతో ఊడ్చకండి. ఎండిన మట్టి దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకి మంచిది కాదు. తడిగుడ్డతో తుడవాలి, ఎప్పుడూ.

---

చెక్కఅచ్చు:

ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు, చాలా థాంక్స్ అందరికీ. రంగునీళ్ళు గారి లెక్క పుస్తకంలో రాసుకున్నా. నాలుగోబెంచి మేడం, "వాళ్ళకి కావాల్సిన పనే" అన్నారు చూడండి, రెండు రోజులుగా ఉన్న బెరుకు చాలావరకు పోయింది ఆ ఒక్క మాటతో.

ఇక మిగిలింది గోడ. ఇవాళ హెడ్మాస్టర్ గారితో ఫోన్‌లో మాట్లాడాను, కోర్ గ్రూప్‌కి ఆయన సుముఖంగానే ఉన్నారు, నా పని సమయం గురించి ఆలోచిస్తానన్నారు, గోడ మాత్రం కావాల్సిందే అంటున్నారు, 300 మందీ ఉండాలి అందులో. బొమ్మ నేను గీసి ఇస్తే పిల్లలు వరసగా వచ్చి తలా కాస్త రంగు నింపుతారు కదా అన్నారు. నాకది మనసొప్పట్లేదు. నేను గీసిన గీతల మధ్య రంగు పులమడానికి పిల్లల్ని వరసలో నిలబెట్టడం ఏంటి అనిపిస్తోంది. మరీ పట్టుదలకి పోతున్నానా నేను?

---

గోడమీదిబొమ్మ:

పట్టుదల కాదండీ, మీరు కరెక్టే. నేను మ్యూరల్స్ వేసేదాన్ని, ఈ "తలా కాస్త రంగు" పద్ధతిలో రెండు స్కూళ్ళలో చేశాను. పిల్లలు వెళ్ళాక సాయంత్రం కూర్చుని వాళ్ళు వేసినదాని మీద మళ్ళీ నేనే వేశాను, నీట్‌గా రావాలి అన్నారని. మర్నాడు ఒక అబ్బాయి వచ్చి తను వేసిన చోటు వెతుక్కున్నాడు. దొరకలేదు. ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. ఇంక ఎప్పుడూ ఆ పని చెయ్యనని అప్పుడే అనుకున్నా, చెయ్యలేదు కూడా.

కానీ ఆయన గోడని వదలరు, వదలాల్సిన అవసరం కూడా లేదు. మీరు ప్రింట్‌మేకర్ కదా, ఆ గోడని అచ్చు వేసి నింపండి! ఒక్కో పిల్లకీ 15 సెంటీమీటర్ల చదరం బ్లాకు ఒకటి. 300 చదరాలు, అడ్డంగా 20, నిలువుగా 15 పెడితే 3 మీటర్ల వెడల్పు, 2.25 మీటర్ల ఎత్తు. గేటు పక్కన నిండుగా కనిపిస్తుంది. ప్రతి చదరం ఒక పిల్ల సొంత బొమ్మ, మీరు దిద్దేది ఏమీ ఉండదు, దూరం నుంచి చూస్తే అంతా కలిసి ఒకటే. పెద్దాయన అడిగిన "300 మంది" అక్షరాలా ఉంటారు.

పైగా రంగునీళ్ళు గారు చెప్పిన ఆ మూడేసి పీరియడ్లకి ఇది సరిగ్గా కుదురుతుంది. మొదటి పీరియడ్ మీరు చెక్కేది చూడ్డం, తమ బొమ్మ ఆలోచించి కాగితం మీద వేసుకోడం. రెండోది బ్లాకు చెయ్యడం. మూడోది అచ్చు తియ్యడం. ఉలులు అక్కర్లేదు, పలచటి ఫోమ్ షీట్ మీద మొద్దు పెన్సిల్‌తో గట్టిగా నొక్కి గీస్తే గాడి పడుతుంది, రోలర్‌తో నీళ్ళ సిరా పూసి, కాగితం పెట్టి చెంచా వెనకవైపుతో రుద్దితే చాలు. ఇదంతా మీకు తెలిసిందే, పిల్లలకి సరిపోతుందా అని మీ అనుమానం, బ్రహ్మాండంగా సరిపోతుంది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి, పేర్లు రాస్తారు వాళ్ళు, అచ్చులో అక్షరాలన్నీ తిరగబడి వస్తాయి. ముందే చెప్పకండి. మొదటి అచ్చు తియ్యగానే తన పేరు తిరగబడి కనిపిస్తే క్లాసు క్లాసంతా లేచి వచ్చి చూస్తుంది, అప్పుడు అద్దం ఒకటి చేతికిచ్చి వాళ్ళనే కనుక్కోమనండి.

అచ్చులు డైరెక్టుగా గోడ మీద కాకుండా పలచని నాన్-వోవెన్ (నేత లేని) పాలిస్టర్ గుడ్డ మీద తియ్యండి, తర్వాత యాక్రిలిక్ జెల్‌తో గోడకి అతికించొచ్చు. అమెరికాలో ఫిలడెల్ఫియాలో 1984లో మొదలైన మ్యూరల్ ఆర్ట్స్ అనే గోడబొమ్మల ప్రోగ్రాం వాళ్ళు ఇలా గుడ్డ మీద వేయించి గోడకెక్కించే పద్ధతి బాగా వాడతారు, ఎక్కడో కూర్చుని వేసినవాళ్ళ చెయ్యి కూడా గోడమీదికొస్తుంది అందువల్ల. పిల్లల్ని నిచ్చెన ఎక్కించే ప్రసక్తి ఉండదు, ఎండలో నిలబెట్టే పనీ లేదు. బయట గోడ కాబట్టి నీళ్ళ సిరా సరిపోదు, ఆ ఫైనల్ అచ్చులకి యాక్రిలిక్‌లో కొంచెం నెమ్మదిగా ఆరే రకం తీసుకోండి, పైన వార్నిష్ కొట్టండి. యాక్రిలిక్ ఆరిందంటే ప్లాస్టిక్‌లా గట్టిపడుతుంది, యూనిఫామ్ మీంచి పోదు, పాత చొక్కాలు తిరగేసి తొడిగించండి. ముందు గోడ చూసుకోండి, కొత్తగా ప్లాస్టరింగ్ చేసిందైతే నెల దాకా ఆగాలి, చెమ్మ ఉందంటే మాత్రం ఏం అతికించినా ఊడొస్తుంది, చెమ్మ సంగతి స్కూల్ వాళ్ళు తేల్చాకే మీరు మొదలుపెట్టండి.

---

రంగునీళ్ళు:

ఇది చాలా బాగుంది, నాకెందుకు తట్టలేదో. ఒకటి కలుపుతా, రంగులు తక్కువ పెట్టండి. మొత్తం గోడకి రెండు లేదా మూడు చాలు. పిల్లల ముందు పన్నెండు రంగులు పెడితే అన్నీ కలిపేస్తారు, పసుపు, ఎరుపు, నీలం మూడూ కలిస్తే వచ్చేది బురద రంగే, అది వాళ్ళ తప్పు కాదు. పసుపూ నీలం మాత్రమే ఇచ్చి, పసుపులో చుక్క చుక్కగా నీలం కలపమనండి, నీలంలో పసుపు కాదు, ముదురు రంగు లేతదాన్ని మింగేస్తుంది. ఎన్ని ఆకుపచ్చలు వస్తాయో వాళ్ళే లెక్కపెట్టుకుంటారు. సిరాలు, రంగులు కొనేటప్పుడు పిల్లలకి సురక్షితం అనే గుర్తు చూసుకోండి, ఈఎన్ 71 (యూరప్‌లో ఆటవస్తువుల భద్రతా ప్రమాణం) అనో ఏపీ సీల్ (అమెరికాలో ఆర్ట్ సామాన్లకిచ్చే "అప్రూవ్డ్ ప్రొడక్ట్" గుర్తు) అనో డబ్బా మీద ఉంటుంది.

---

రెండోతరగతిఅమ్మ:

నేను ఆర్టిస్ట్‌ని కాదు, టీచర్నీ కాదు, మా అమ్మాయి స్కూల్లో కిందటేడు ఇలా ఒకావిడ వచ్చి ఉన్నారు. ఎగ్జిబిషన్ నీట్‌గా ఉండాలి, పేరెంట్స్ వస్తారు అన్నారు కదా, పేరెంట్‌గా చెప్తున్నా, మేం నీట్‌నెస్ చూడ్డానికి రాం. మా అమ్మాయి వేసిన బొమ్మ కింద చిన్న కాగితం అంటించారు, దాని గురించి తను చెప్పిన మాటలు టీచర్ అలాగే రాసి పెట్టారు, తప్పులతో సహా. నేను ఆ కాగితం ముందు ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు. మీకు వీలైతే అది చెయ్యండి, ఖర్చు కూడా ఏం లేదు.

---

చెక్కఅచ్చు:

ఇవాళ వెళ్ళి కూర్చుని మాట్లాడాను. 15 సెంటీమీటర్ల బ్లాకు ఒకటి ఇంట్లో చేసి, దాని అచ్చులు నాలుగు తీసి పట్టుకెళ్ళి ఆయన టేబుల్ మీద పక్కపక్కన పెట్టాను. "300 ఇలాంటివి సార్, ఒక్కోటీ ఒక్కో పిల్లది" అన్నాను. ఆయన చాలాసేపు చూసి, ఆ ఫోమ్ షీట్ తీసుకుని పెన్సిల్‌తో తనే ఏదో గీశారు. గోడకి ఒప్పుకున్నారు. నా పని సమయం 20 అడిగితే 16కి వచ్చారు, రోజుకొకటి, టైంటేబుల్‌లో రాసిచ్చారు, నాకది చాలు. మిగిలిన నాలుగూ టీచర్ల సెషన్లకి పెడదాం అంటే అది ఆయనకి ఇంకా నచ్చింది. చెమ్మ సంగతి చూపిస్తామన్నారు, గోడ కింది భాగం కొంచెం తడిగానే ఉంది నిజంగానే. పిల్లల మాటలు రాసి అంటించే ఐడియా ఆ స్కూల్ నాలుగో తరగతి టీచర్ గారితో చెప్తే ఆవిడ తన క్లాసుకి తనే రాస్తానన్నారు.

రూమ్‌లో టేబుల్ కిటికీ పక్కకి జరిపాను, నేను చెక్కేటప్పుడు వెలుతురు ఎడమవైపు నుంచి పడేలా. తలుపులోంచి చూసే పిల్లలకి నా చేతులు కనపడాలి కదా, అందుకని వీపు గోడకి పెట్టి గుమ్మం వైపు తిరిగి కూర్చుంటున్నా. సోమవారం మొదలు. ఆఖరుగా ఒక చిన్న డౌట్, సామాన్ల లిస్టులో కత్తెరలు 30 రాశాను, ఇంకేమైనా మర్చిపోయానా?

---

నాలుగోబెంచి:

కత్తెరల్లో మూడు నాలుగు ఎడమచేతివి తీసుకోండి. మామూలు కత్తెరని ఎడమచేత్తో పట్టుకుంటే పై బ్లేడ్ అడ్డమొచ్చి గీసిన గీత కనపడదు, కాగితం నలిగిపోతుంది, పిల్లలేమో తమకి కత్తిరించడం రాదనుకుంటారు. పదిమందిలో ఒకరు ఎడమచేతి వాటం వాళ్ళుంటారు, 300లో ముప్పై మంది దాకా వస్తారు మీ దగ్గరికి. వాటి పిడికి ఎర్ర టేపు చుట్టి పెట్టండి, వెతుక్కోకుండా దొరుకుతాయి.